ఒక్క ఊపిరి ఆగి కొట్టు

ఈ కథ మీరు వేరేలా విని ఉంటారు. సముద్రం అవతల ఎక్కడో, ఎప్పుడో జరిగిందంటారు. నేలకింద లోపలికెళ్తే దారి తెలియని చీకటి గదులు. వాటి నడుమ ఎద్దు తలకాయ ఉన్న మనిషి. వాడికి మేతగా ఏటేటా కొందరు పడుచువాళ్ళు. ఒకసారి రాజు కొడుకు నేనూ పోతానని వాళ్ళతో దిగాడు, ఎద్దును చంపాడు, దారం ఉండ పట్టుకుని బయటికొచ్చాడు. బతికొస్తే పడవకి తెల్ల తెరచాప కడతానని తండ్రికి మాటిచ్చి, సంబరంలో మర్చిపోయాడు. నల్ల తెరచాప చూసి ముసలి రాజు కొండమీంచి దూకేశాడు. కొడుకు గద్దెనెక్కాడు.

ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎద్దుని పెంచినవాడు ఒకడుంటాడు గదా, వాడి సంగతేంటి? గద్దెనెక్కిన కొడుకు తర్వాత ఏం చేశాడు? మరుసటి ఏడు మేత ఆగిందా? చెప్పేవాళ్ళు సరిగ్గా అక్కడికొచ్చేసరికి నోరు మూసుకుంటారు. నేను మూసుకోను. మా ఊళ్ళో అలా మేతగా దిగిన ఏడుగురిలో నేనొకణ్ణి.

మా గనిలో ఎద్దంటే పైకప్పు.

బొగ్గు తవ్వేటప్పుడు నెత్తిమీద రాయి కూలకుండా అక్కడక్కడ బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తారు. తొమ్మిదో లెవెల్లో, అంటే పైనుంచి తొమ్మిదో అంతస్తులో, తవ్వాల్సిన బొగ్గంతా మా తాతల నాడే అయిపోయింది. మిగిలినవి ఆ స్తంభాలు. ఆరేళ్ళ కింద కంపెనీ కళ్ళు వాటిమీద పడ్డాయి. మొత్తం తీయొద్దు, చుట్టూ చెక్కి కాస్త సన్నం చేస్తే చాలు అన్నాడు మేనేజరు, గోళ్ళు కత్తిరించమన్నంత తేలిగ్గా. స్తంభం సన్నబడేకొద్దీ పైన రాయి కదులుతుంది. ముందు గుర్రుమంటుంది. తర్వాత ఎక్కడో లోపల్నుంచి ఒక రంకె. ఆ రంకె విన్నాక పరిగెత్తడానికి ఎంత టైముంటుందో అడుగుదామంటే, తెలిసినవాళ్ళు పైకి రాలేదు. అందుకే దానికి ఎద్దని పేరు.

మూడు నెలలకోసారి ఏడుగురు, పదిహేను రోజులు పైకి రాకుండా ఆ లెవెల్లోనే ఉండి పని చెయ్యాలి. ఇష్టపడి ఎవడూ పోడు. కాబట్టి నంబర్లు తీస్తారు. గనిలో ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దానిమీద వాడి దీపం నంబరు. దిగేటప్పుడు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాం, ఎక్కాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాం. షిఫ్టు అయ్యాక కూడా గుమాస్తా బోర్డుకి ఎవడి బిళ్ళ వేలాడుతుందో వాడు ఇంకా కిందే ఉన్నాడన్నమాట. నంబర్లు తీసే రోజున బిళ్ళలన్నీ ఒక హెల్మెట్లో పోసి, దీపాల గది గుమాస్తా కళ్ళు మూసుకుని ఏడు తీస్తాడు.

ఆ రోజు మొదటి బిళ్ళ నాది.

"నస," అన్నాడు గుమాస్తా. గనిలో అందరూ నన్ను అలాగే పిలుస్తారు, ప్రతిదానికీ ఎందుకని అడుగుతానని. "రెండొందల పన్నెండు. నువ్వే."

"కళ్ళు తెరిచి తీశావా ఏంటి? అంత సరిగ్గా దొరికాను."

"నువ్వు పోతే నా చెవులకి పదిహేను రోజులు సెలవు," అన్నాడు. నవ్వాడు గానీ బిళ్ళ నా చేతిలో పెట్టేటప్పుడు నా మొహం చూడలేదు.

ఏడో బిళ్ళ పొట్టిబాబాయ్‌ది. ముప్పై ఏళ్ళు డ్రిల్లు పట్టి పట్టి ఆయన చెవులు పోయాయి. తన నంబరు పిలిచింది కూడా ఆయనకి వినపడలేదు. అందరూ తనవైపే చూస్తుంటే, "ఏంట్రా, నా మొహానికి మసి అంటిందా?" అన్నాడు. మసి అంటని మొహం ఆ గదిలో ఒక్కటీ లేదు. మామూలు రోజైతే పడీపడీ నవ్వేవాళ్ళం.

అప్పుడు మా బావ ముందుకొచ్చాడు. మా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. హెల్మెట్లో చెయ్యిపెట్టి వెతికి తన బిళ్ళ బయటికి తీసి, గుమాస్తా బల్లమీద టప్పుమని పెట్టాడు.

"బాబాయ్‌ది వెనక్కిచ్చెయ్. పిలిస్తేనే వినపడదు, ఆయనకి ఎద్దు రంకె ఏం వినపడుతుంది? నేను పోతా."

"అట్లా రూల్ లేదయ్యా."

"ఏడుగురు పోవాలని రూలుంది. ఏ ఏడుగురో రూల్లో లేదు. కావాలంటే చూసుకో."

గుమాస్తా చూసుకోలేదు. రాసుకున్నాడు.

నేను బావని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. "పిచ్చి పట్టిందా బావా? మామకేం చెప్తావ్?"

"నువ్వు చెప్పు. నోరు నీది గదా పెద్దది."

మా మామ వైండరు. గనిమీద ఇంజను గదిలో కూర్చుని, మేం ఎక్కే దిగే ఇనుప పంజరాన్ని, అంటే కేజ్‌ని, తాడుతో దించేదీ లాగేదీ ఆయనే. కేజ్ ఆయనకి కనపడదు. ఎదురుగా కేజ్ ఎంత లోతులో ఉందో చూపించే ముల్లు, చెవి పక్కన ఒక గంట, అంతే. కిందివాడు తీగ లాగితే పైన గంట మోగుతుంది. ఒక దెబ్బకి ఆపాలి. రెండు దెబ్బలకి దించాలి. మూడంటే లోపల మనుషులున్నారు. గోడమీద బోర్డులో ఆఖరి వరస ఇలా ఉండేది: ఐదు దెబ్బలు, గాయపడినవారు లేదా చనిపోయినవారు, మెల్లగా లాగవలెను.

రెండిటికీ ఒకటే గుర్తు. ఈ రెండూ విడగొట్టండయ్యా, నేను లాగేది మనిషినో శవాన్నో నాకు తెలియొద్దా అని మామ ఏళ్ళ తరబడి అడిగాడు. మేనేజరు ఒకసారి నవ్వి, "తాడు వేగం ఒకటే గదా పెద్దాయనా, తెలిసి నువ్వేం చేస్తావ్?" అన్నాడట. నవ్వి అన్నాడు. అది నేను మర్చిపోలేదు.

మామది రెండు గదుల కంపెనీ ఇల్లు. అత్త పోయిన తర్వాత వంట ఆయనదే. నేను వెళ్ళేసరికి స్టవ్ ముందు నిలబడి కూర కలుపుతున్నాడు. సంగతి చెప్పాను. గరిటె ఆగలేదు.

"విన్నావా మామా?"

"విన్నా."

"అయితే తిట్టు."

"తిడితే ఆగుతాడా? వాళ్ళమ్మ పోలిక."

బావ గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. "నాన్నా, నేను ఊరికే పోవట్లేదు. స్తంభం మందం పదహారు అడుగులకంటే తగ్గితే లెవెల్ మూసెయ్యాలని చట్టం ఉంది. వీళ్ళు పుస్తకంలో పదహారే రాస్తున్నారు. లోపలికెళ్ళి కొలిచినవాడు లేడు. నేను ప్రతి స్తంభం కొలుస్తా. ఏడుగురి చేతా సంతకాలు పెట్టిస్తా. తనిఖీ ఆఫీసులో పడేశామంటే ఆ లెవెల్ శాశ్వతంగా మూత. ఎద్దు చచ్చినట్టే."

"లోపల దారి?"

"మ్యాపు దొరికింది."

"ఎవరిచ్చారు?"

బావ బూటు లేసు వైపు చూస్తూ కూర్చున్నాడు. నేనందుకున్నాను. "ఇంకెవరు మామా, మ్యాపుల గదిలో ఆవిడ. మేనేజరు కూతురు. మీవాడు రోజూ ఆఫీసు చుట్టూ తిరిగి ఇంటికొచ్చేది గాలి మార్పుకనుకున్నావా?"

"నోర్ముయ్ రా," అన్నాడు బావ. చెవులు మటుకు ఎర్రబడ్డాయి.

మామ స్టవ్ కట్టేశాడు. చేతులు తుడుచుకుని వచ్చి కొడుకు ఎదురుగా పీట వేసుకున్నాడు.

"ఆరేళ్ళుగా ఆ లెవెల్‌కి ప్రతి ఏడుగురినీ నేనే దించా. ఈ చేత్తో. పంతొమ్మిదిసార్లు ఐదు దెబ్బలు విన్నా. మెల్లగా లాగితే పావుగంట పడుతుంది పైకి రావడానికి. లోపలున్నది ఎవరు, ఊపిరుందా లేదా అని ఆ ముల్లు వంక చూస్తూ కూర్చుంటా. పావుగంట." ఆగాడు. "రేపు నిన్నూ నేనే దించాలి. నీకు ఐదు దెబ్బలు పడితే లాగుతా. లాగడం నా పని. కేజ్ పైకొచ్చాక మటుకు ఇంక నేనే పనీ చెయ్యను. ముందే చెప్తున్నా."

"అవేం మాటలు నాన్నా?"

"ఆ మాటలే."

కూర వాసన గదంతా ఉంది, తినాలని ఎవరికీ లేదు. తర్వాత మామే అన్నాడు. "సరే. ఒక పని చెయ్. వచ్చేటప్పుడు గంట నువ్వే కొట్టు. మూడు కొట్టినా సరే, ఎవడికన్నా దెబ్బ తగిలి ఐదు కొట్టినా సరే, ఆఖరి దెబ్బకి ముందు ఒక్క ఊపిరి ఆగి కొట్టు. అప్పుడు కొట్టింది నువ్వేనని నాకు తెలుస్తుంది."

"దెబ్బలు ఎగుడుదిగుడుగా పడితే మేస్త్రీ చెంప పగలగొడతాడు."

"పగలగొట్టనీ. చెంపేగా."

మేస్త్రీ కొట్టేది ఊరికే కాదు. దెబ్బలు గడియారంలా సమానంగా పడాలి. మధ్యలో ఆగితే పైనున్న వైండరు నాలుగూ, మళ్ళీ ఒకటీ అనుకోవచ్చు, లాగాల్సింది ఆపెయ్యొచ్చు, మనుషులు పోవచ్చు. దిగిన మొదటి రోజునుంచీ మా చేతులకి నేర్పింది అదే. బావ పన్నెండేళ్ళు అలాగే కొట్టాడు. అందుకే మామ ఆ సాయంత్రం కంచం బోర్లించి, చేతికి చెంచా ఇచ్చి కొట్టించాడు. టంగ్ టంగ్ టంగ్ టంగ్. ఊపిరి. టంగ్. ఇరవైసార్లు. పక్కింటావిడ గోడ అవతల్నుంచి, "ఏం అన్నయ్యగారూ, బ్యాండు మేళం పెట్టారా?" అని అడిగింది.

"మావాడికి చదువు చెప్తున్నానమ్మా," అన్నాడు మామ.

పొద్దున్నే గేటు దగ్గర మ్యాపుల గది ఆవిడ నిలబడి ఉంది. చేతిలో సర్వేవాళ్ళు కొలతలకి వాడే తెల్ల తాడు, పెద్ద ఉండ. బావ చేతికిచ్చింది. "కేజ్ దగ్గర ఒక కొస కట్టి లోపలికెళ్ళండి. ఎనిమిదో మలుపు దగ్గర మ్యాపుని నమ్మొద్దు. అక్కడ గీత నేను గీసింది కాదు, నాచేత గీయించింది." తండ్రి గురించే ఆ మాట.

"వచ్చాక..." అంది మళ్ళీ.

"వచ్చాక," అన్నాడు బావ.

మూడు దెబ్బలు పడ్డాయి. మామ మమ్మల్ని దించాడు.

తొమ్మిదో లెవెల్ ఎలా ఉంటుందని అడుగుతారు. నడుము వంచి నడవాలి. నీళ్ళు చీలమండల దాకా. ఒక మలుపు తిరిగితే వెనక మలుపు ఎటుందో తెలియదు. అన్నీ ఒకటే నలుపు, ఒకటే మూల. ఫోను లేదు, తీసేశారు, ఎట్లాగూ మూసేసే లెవెల్‌కి ఎందుకని. మూసేసే లెవెల్‌కి మేమెందుకో మరి. బావ తాడు విప్పుకుంటూ ముందు నడిచాడు. పని చేస్తూనే టేపు పెట్టి కొలిచేవాడు, నేను రాసేవాణ్ణి. పదకొండు అడుగులు. తొమ్మిదిన్నర. పదమూడు. ఎనిమిదో మలుపు దాటాక ఒక స్తంభం దగ్గర టేపు రెండుసార్లు తిప్పి పెట్టి, "ఆరు" అన్నాడు. నేను రాయలేదు. తప్పు చూశావేమో అన్నాను. "ఆరు. రాయి," అన్నాడు. దానిమీద చెయ్యి ఆనిస్తే లోపల సన్నగా పిటపిటమంటోంది, పెనం మీద నీళ్ళు చల్లినట్టు.

మూడో రోజు మధ్యాహ్నానికి ఆఖరి స్తంభం కొలిచాం. పుస్తకంలో ఐదుగురు సంతకాలు పెట్టారు, రాయడం రాని ఇద్దరు వేలిముద్ర వేశారు. మసి చేతులకి సిరా అక్కర్లేదు. బావ పుస్తకం చొక్కాలో దోపుకున్నాడు. "ఇంక పోదాం. పైకెళ్ళి జబ్బు చేసిందని చెప్దాం. మళ్ళీ ఇక్కడ పలుగు వెయ్యొద్దు ఎవరూ."

అప్పుడు గుర్రుమంది.

సామాన్లు వదిలేసి తాడు పట్టుకుని పరిగెత్తాం. రంకె వెనకనుంచొచ్చింది. ఆ చప్పుడు చెవితో వినం, కడుపుతో వింటాం. గాలి మమ్మల్ని వెనకనుంచి ఒక్క తోపు తోసింది, ఆ వెంటనే దుమ్ము. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. ఆ తాడే లేకపోతే ఏడుగురం అక్కడే ఉండేవాళ్ళం. నేను అందరికంటే వెనక. ఒక రాయి, మరీ పెద్దది కూడా కాదు, నా కాలిమీద, మోకాలికి కిందుగా పడింది.

అరిచాను. బావ వెనక్కొచ్చాడు. అందరూ వచ్చారు, అది మీకు చెప్పాలి. తాడు వదిలేసి వెనక్కి రావడమంటే ఏంటో గనిలో దిగినవాడికే తెలుస్తుంది. రాయి ఎత్తారు. చొక్కాలు చింపి కట్టారు. నన్ను మోసుకుని కేజ్ దగ్గరికి వచ్చాక ఒకడు లెక్కపెట్టాడు, "ఒకటి, రెండు, మూడు..." ఏడు దాకా వచ్చి ఆగి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. ఏడుగురం. పోయినవాడు ఎవడూ లేడు. అంత కూలినా ఒక్కడూ పోకుండా రావడం ఆరేళ్ళలో అదే మొదలు. వాళ్ళు ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, ఒకణ్ణొకడు గుద్దుకుంటున్నారు. బావ చొక్కామీద చెయ్యి వేసి పుస్తకం ఉందో లేదో తడుముకుని, గట్టిగా నవ్వాడు. "చచ్చిందిరా ఎద్దు!"

నా కాలు అప్పుడే స్పృహలోకి వచ్చింది. "కొట్టు బావా!" అని అరిచాను. "చస్తున్నాను, త్వరగా కొట్టు!"

బావ కేజ్‌లోంచి చెయ్యి చాపి తీగ అందుకున్నాడు. మనిషి కేజ్‌లో ఉన్నాడు గనక, గాయం గనక, ఐదు. కొట్టాడు. గడియారంలా. ఐదూ సమానంగా.

నేను విన్నాను. ఆ కంచం మోత విన్నవాణ్ణి, పక్కనే ఉన్నవాణ్ణి. నాకేమీ తట్టలేదు. నేను అరవకపోతే ఆ చెయ్యి ఆగేదేమో. ఈ మాట ఎవరూ నాతో అనలేదు. అనక్కర్లేదు.

కేజ్ కదిలింది. అంత మెత్తగా అది ఎప్పుడూ కదల్లేదు. అందులో గుడ్ల బుట్ట ఉన్నా ఒక్కటి పగిలేది కాదు. చాలా దూరం పైకొచ్చాక బావ నవ్వు ఆగింది.

"నేను ఆగలేదు," అన్నాడు.

"ఏంటి?"

"ఊపిరి. ఆగకుండా కొట్టేశా."

ఒకసారి కదిలాక కేజ్‌లోంచి గంట కొట్టే దారి లేదు. తీగ కిందనే ఉండిపోతుంది. బావ తల పైకెత్తి, "నాన్నా!" అని అరిచాడు. మిగతా ఐదుగురికీ సంగతి తెలియదు, ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఒకడైతే తనూ కలిసి, "మామా, వస్తున్నాం!" అని కేక పెట్టాడు. ఇంజను గదిలో ఆ చప్పుడు మధ్య కూర్చున్నవాడికి గనిలోంచి ఏ కేకా వినపడదు. బావ కేజ్ జాలీ పట్టుకుని ఊపాడు. తాడు ఊగితే ముల్లు కదులుతుందనుకున్నాడో ఏమో. తర్వాత నిలబడిపోయాడు. ఏం చెయ్యాలి? ఏమీ లేదు. మెల్లగా లాగవలెను. పావుగంట. మా మామ పంతొమ్మిదిసార్లు పైనుంచి చూసిన పావుగంటని మేం కిందనుంచి చూశాం.

కేజ్ గుమ్మానికి సరిగ్గా, వేలెడు తేడా లేకుండా ఆగింది. జాలీ తెరుచుకోకముందే బావ సందులోంచి దూరి, ఇంజను గది వైపు పరిగెత్తాడు.

పైన ఏం జరిగిందో పొట్టిబాబాయ్ తర్వాత చెప్పాడు. తనకి బదులు బావ దిగాడని, ఆ మూడు రోజులూ ఆయన ఇంజను గది అరుగుమీదే కూర్చున్నాడు. కప్పు కూలినప్పుడు గనిలోంచి దుమ్ము పైకి తన్నుకొచ్చింది. అందరూ గని గుమ్మం దగ్గరికి పరిగెత్తారు. మామ కుర్చీలోంచి కదల్లేదు. వైండరు కదలకూడదు. తర్వాత గంట మోగింది. బాబాయ్‌కి గంట వినపడదు, కానీ మామ పెదాలు చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదు అన్నాక కూడా పెదాలు ఇంకొంచెం సేపు తెరుచుకునే ఉన్నాయట, ఇంకేదో రావాలన్నట్టు.

తర్వాత ఆయన లాగాడు. ముల్లు మీంచి కన్ను తియ్యలేదు. ముల్లు సున్నా మీదికి వచ్చాక బ్రేకు వేశాడు, బ్రేకుకి గొళ్ళెం పెట్టాడు, గొళ్ళేనికి మేకు దోపాడు. రూలు ప్రకారం చెయ్యాల్సినవన్నీ చేశాడు. టోపీ తీసి పిడికి తగిలించాడు. వెనక తలుపు తీసుకుని వెళ్ళాడు. ఒంటేలుకనుకున్నానురా అన్నాడు బాబాయ్, ఒంటేలుకనుకున్నాను.

వెనక తలుపు నుంచి యాభై అడుగుల్లో పాత షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి, ఉంది. ఎప్పుడో వదిలేసింది, సగానికి నీళ్ళు. చుట్టూ కంచె వెయ్యమని రెండేళ్ళుగా అడుగుతున్నాం.

బావ ఇంజను గదిలోకి పోయేసరికి టోపీ ఇంకా ఊగుతోందట.

ఆ తర్వాతది త్వరగా చెప్తాను. మెల్లగా చెప్తే మాత్రం ఏమవుతుంది?

జనం బావని భుజాలమీద ఎక్కించుకున్నారు. వద్దు దించండ్రా అంటున్నా దించలేదు. ఏడుగురినీ తెచ్చిన మొనగాడు, ఎద్దుని చంపినవాడు. పుస్తకం తనిఖీ ఆఫీసుకి వెళ్ళింది. తొమ్మిదో లెవెల్‌కి పలకలు కొట్టి, మూసివేయబడినది అని బోర్డు పెట్టారు. మ్యాపు ఎలా బయటికి పోయిందో తేలింది, ఆవిడ ఉద్యోగం పోయింది, ఇల్లూ పోయింది, తండ్రి గెంటేశాడు. రెండు రోజులు సాయంత్రంపూట సంచీతో గేటు దగ్గర నిలబడింది. బావ ఇంట్లోంచి కదల్లేదు. చంకకర్రల మీద నేనే వెళ్ళి చెప్పాను.

"రాడా?"

"రాడమ్మా. వాడిప్పుడు ఎవరి మొహమూ చూసే పరిస్థితిలో లేడు."

"నా మొహం చూడక్కర్లేదు. బస్సు దాకా సంచీ మోస్తే చాలు," అంది. సంచీ తనే ఎత్తుకుని వెళ్ళింది. బావ చేసింది తప్పు. చచ్చేదాకా అదే అంటాను, వాడి ఎదురుగా కూడా అన్నాను.

డ్యూటీలో పోయినవాడి ఉద్యోగం కొడుక్కి ఇస్తారు. నెల తిరక్కుండానే కాగితం వచ్చింది. బావ సంతకం పెట్టాడు.

"అదే కుర్చీలోనా?" అన్నాను. "నీకు సిగ్గుందా?"

"వేరేవాడు కూర్చుంటే గంట సరిగ్గా వింటాడని ఏంటి నమ్మకం?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అదే నా కోపం.

మూడు నెలలకి తనిఖీ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. కొలతలు నిర్ణీత ఫారంలో లేవు. వాడిన టేపుకి సర్టిఫికెట్ లేదు. వేలిముద్రలు ఎవరివో నిర్ధారణ కాలేదు. పుస్తకం తిరిగి పంపుతున్నాం. ఆ మర్నాడే పలకలు పీకేశారు. తొమ్మిదో లెవెల్ బోర్డు తీసి కొత్త బోర్డు పెట్టారు, ఎనిమిది-బి అని. తొమ్మిదో లెవెల్ మూసేస్తామన్నారు, మూసేశారు. మాట తప్పలేదు.

మేం గెలిచింది కూడా ఒకటుంది, దాచను. ఇంజను గదిలో గంటల బోర్డు మార్చారు. ఐదు దెబ్బలు గాయపడినవారికి, ఆరు దెబ్బలు చనిపోయినవారికి. కింద చిన్న అక్షరాల్లో మా మామ పేరు, ఆయన జ్ఞాపకార్థం అని. మేనేజరే స్వయంగా వచ్చి తగిలించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కర్రలు పట్టుకుని ఉన్నాను గనక కొట్టలేదు. చేతులు ఖాళీగా ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు.

కాలు మోకాలి దాకా తీసేశారు. ఒంటికాలివాడు కిందికి దిగలేడు గనక దయతలిచి నాకు పైన పని ఇచ్చారు. పాత గుమాస్తా రిటైరయ్యాడు. ఇప్పుడు దీపాల గదిలో నేనే.

మొన్న మళ్ళీ నంబర్లు తీసే రోజొచ్చింది. చెయ్యనని మేనేజరు గదికి వెళ్ళి చెప్పాను. చెయ్యొద్దు, అన్నాడాయన, ఇంకొకడు చేస్తాడు, నీకు ఇంటికెళ్ళడానికి కారు ఏర్పాటు చెయ్యమంటావా? ఇంట్లో ముగ్గురు నా మీద ఆధారపడి ఉన్నారు. తిరిగొచ్చి హెల్మెట్లో బిళ్ళలు పోశాను. గనిలో పనిచేసే వందలమందిని కూడగట్టి ఒక్క పూట పని ఆపించలేని నోరు ఇది. ప్రతిదానికీ ఎందుకని అడిగిన నోరు. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాను. ఇత్తడి చల్లగా ఉంటుందనుకుంటారు. వందమంది చేతుల్లో నలిగి వెచ్చగా ఉంటుంది.

ఆరోది పొట్టిబాబాయ్‌ది.

నంబరు చదివాను. ఆయనకి వినపడలేదు. గదిలో అందరూ నేలవైపు చూస్తున్నారు. ఎవడన్నా ముందుకొచ్చి తన బిళ్ళ నా బల్లమీద టప్పుమని పెడతాడేమోనని కాసేపు ఆగాను. చాలాసేపు ఆగాను. తర్వాత కర్రలు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళి, బిళ్ళ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాను.

ఆయన నా మొహం చూశాడు. నేను చూడలేకపోయాను.

"ఎద్దు చచ్చిందన్నారు గదరా," అన్నాడు. చెవిటివాళ్ళ గొంతు పెద్దది. గదంతా విన్నది.

మర్నాడు పొద్దున ఏడుగురికీ దీపాలు ఇచ్చాను. ఏడు బిళ్ళలు బోర్డుకి తగిలించాను. కేజ్ ఎక్కారు. జాలీ పడింది. గుమ్మం దగ్గర మేస్త్రీ మూడు దెబ్బలు కొట్టాడు, గడియారంలా.

తాడు కదల్లేదు.

"నిద్రపోతున్నాడ్రా వీడు," అని మేస్త్రీ విసుక్కున్నాడు. కొత్తవాళ్ళకి తెలియదు గానీ మాకు అలవాటే. ఆ కుర్చీలో కూర్చున్న రోజునుంచీ బావ అంతే. ఆఖరి దెబ్బ పడ్డాక ఒక్క ఊపిరి ఆగుతాడు. ఇంకేదన్నా వస్తుందేమోనని.

ఏమీ రాలేదు. తాడు కిందికి కదిలింది.